వసతిగృహములో పెద్ద విద్యార్థి



నేటి ప్రసంగమునకు నేను తీసికొన్న విషయము వసతిగృహములోని పెద్ద విద్యార్థి. కళాశాలలకును, విశ్వవిద్యాలయములకును అనుబంధముగా నుండు హాస్టళ్లలో, తాను చదువుకొనుచునే తన తరువాత వచ్చిన పిల్లలను కనిపెట్టి యుండు భారము వహించిన విద్యార్థిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచినాను. ఇతడు వార్డెను గాడు, ఉపాధ్యాయుడు గాడు. పిల్లలు పండుకొను వరుసలోనే ఒక గదిలో పండుకొనును. వారి బంతిలోనే భోజనము చేయును. వారివలెనే పరీక్షలకు కూర్చుండును. అయినను ఆ వరుసలోని పిల్లల క్షేమమునకు ఒక విధముగా పూటపడినవాడు.

మారేడుమిల్లి కొండలలో కూర్చుండి విశ్వవిద్యాలయపు హాస్టళ్ల సంగతి చెప్పుట యేలయని మీకు తోచవచ్చును. అందులకు కారణము కలదు. మన మన్యములో ఊరన్నచో ఎక్కడికక్కడ కొన్ని గడపల గూడెమే. గూడెమునకు గూడెమునకు నడుమ అడవియు వాగులును. అందుచేత మన పిల్లలు చిన్ననాడే ఇల్లు విడిచి ఆశ్రమపాఠశాలలలో ఉండి చదువుట ఆచారమైనది. 1997-98వ సంవత్సరమునుండి ఏకలవ్య ఆదర్శ గురుకులముల పథకము వచ్చినది. గిరిజన సంక్షేమ గురుకులములును వెలసినవి. ఈ బడులు దాటిన పిల్లలు రాజమహేంద్రవరమునకో, కాకినాడకో, విశాఖపట్టణమునకో పోవుచున్నారు. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉన్నది. 2006లో రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము ఏర్పడినది. 2019లో విజయనగరము ప్రాంతమున కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము మొదలైనది. ఆశ్రమపాఠశాల వరకు తండ్రి నడచిపోయి బిడ్డను చూచి రాగలడు. విశ్వవిద్యాలయమునకు అట్లు పోయిరాలేడు. కావున అచ్చట తన బిడ్డను ఎవరు కనిపెట్టుచున్నారన్నది ఆ తండ్రి అడిగి తెలిసికొనవలసిన ప్రశ్న.

నేనెరిగిన యొక కుర్రవాని సంగతి చెప్పెదను. కొండరెడ్ల బిడ్డ. లెక్కలలో దిట్ట. పల్లపు పట్టణములోని ఒక కళాశాలలో వానికి చోటు దొరకినది. గూడెమువారందరు తలకొంత వేసికొని ఇనుపపెట్టె కొని యిచ్చి పంపిరి. శ్రావణమాసములో పోయినవాడు దసరా పండుగ రాకమునుపే పెట్టె నెత్తిన పెట్టుకొని తిరిగివచ్చెను. పరీక్ష తప్పలేదు. ఎవరును కొట్టలేదు, తిట్టలేదు. కొన్నాళ్లకు సంతలో అడ్డాకుల మోపు ముందర పెట్టుకొని కూర్చుండి యుండగా కనబడినాడు. "చదువు మానితివేల నాయనా?" యని అడిగితిని. వాడు తల వంచుకొని యిట్లనెను. "చదువు కష్టము గాదు మాస్టారూ. గదిలోని తక్కిన యిద్దరును ఊరికి పోయినప్పుడు నాకు జ్వరము వచ్చినది. మూడు దినములు దుప్పటి కప్పుకొని పడుకొంటిని. నాల్గవనాడు లేచి అన్నమునకు పోగా, ఊరినుండి ఎప్పుడు వచ్చితివని అడిగినారు. నేనక్కడనే యున్న సంగతి ఎవరికిని తెలియదు. ఇక నేనచట ఉండిన నేమి, లేకున్న నేమి యనిపించినది."

ఈ మాటలను మీరు శ్రద్ధగా వినవలెనని కోరుచున్నాను. ఆ హాస్టలులో అన్నమున్నది, మంచమున్నది, దీపమున్నది. వార్డెను ఉన్నాడు, వంటవారున్నారు, రాత్రి కావలివాడున్నాడు. లేనిదొక్కటే. ఈ పిల్లవాడు రెండు పూటలు బంతికి రాలేదే, ఏమైనాడో చూతమని లేచి ఆ గది తలుపు తట్టిన మనిషి లేడు. ఆ యొక్క లోటుచేత గూడెము చందాలును, పిల్లవాని లెక్కలును, ఇన్నేండ్ల ఆశయు అడ్డాకుల మోపు పాలైనవి.

తలుపు తట్టు మనిషి విలువను మన పురాణములు ఏనాడో చెప్పినవి. రాజమహేంద్రవరములో రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయభట్టు తెలుగుచేసిన భారతములో, ఆదిపర్వమున, కచుని కథ వచ్చును. కచుడు శుక్రాచార్యులవద్ద విద్యార్థియై ఉండి ఆలమందను కాచుచుండెను. ఒకనాడు రాక్షసులు వానిని అడవిలో చంపివేసిరి. సాయంకాలమునకు ఆవులు ఇంటికి వచ్చినవి, కచుడు రాలేదు. ఆ సంగతిని మొట్టమొదట గమనించినది దేవయాని. మంద వచ్చినది, మందవెంట రావలసినవాడు రాలేదని తండ్రితో చెప్పినది ఆమెయే. శుక్రాచార్యులు మృతసంజీవనీ విద్యచేత శిష్యుని బ్రతికించినమాట నిజమే. కాని దేవయాని గమనింపకున్నయెడల ఆ విద్య వానికి అక్కరకు రాకపోయెడిది. మన హాస్టళ్లలో మృతసంజీవని యెరిగినవారు లేరు. కావున లోటును ఆలస్యము కాకమునుపే గమనించువారు మనకు మరింత అవసరము.

పెద్ద విద్యార్థి చిన్నవానిని చేరదీయు పద్ధతి మన దేశమునకు క్రొత్తది గాదు. వీధిబడులలో పంతులుగారి చుట్టు అన్ని వయస్సుల పిల్లలును కూర్చుండి యుండగా, ముందుపాఠములు వచ్చినవాడు వెనుకవానిచేత ఇసుకలో అక్షరములు దిద్దించుచుండెడివాడు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర ఆశ్రమమునకు అధికారియైన ఆండ్రూ బెల్ అను దొర, ఇచ్చటి బడులలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి ఆ తీరు తన బడిలో ప్రవేశపెట్టెను. పెద్దపిల్లలచేతనే చిన్నవారికి చదువు చెప్పించెను. స్వదేశమునకు పోయి 1797లో దానిని గూర్చి పుస్తకము ప్రకటించెను. ఇంగ్లండులో దానికి మద్రాసు పద్ధతి యనియే పేరు వచ్చినది. 1822లో సర్ థామస్ మన్రో దేశీయ విద్యాలయముల వివరములను కోరగా, 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ పంపిన నివేదికలోను, పైచదువు వచ్చినవారిచేత క్రిందివారికి చెప్పించు ఈ పద్ధతి మెచ్చదగినదనియు, ఇంగ్లండు దీనిని అనుసరించుట తగియున్నదనియు కొనియాడబడినది.

అయితే అదే వీధిబడులలో ఇంకొక సంగతియు ఉండెడిది. పంతులుగారు లేని వేళ బెత్తము చేతికి వచ్చిన పెద్దపిల్లవాడు, చిన్నవారివద్ద బెల్లముముక్కయో మామిడికాయయో పుచ్చుకొని, ఇచ్చినవానిని విడిచి ఇయ్యనివానిని కొట్టుట కలదని మన పెద్దలు చెప్పుచుండెడివారు. కంచె చేను మేసిన చందమన్నమాట. ఈ రెండు ముఖములను ఎదుట పెట్టుకొనియే పెద్ద విద్యార్థి పదవిని గూర్చి ఆలోచింపవలెను. అధికారమిచ్చి లెక్క అడుగకున్నచో రక్షకుడే భక్షకుడగును.

అమెరికా దేశములో ఈ పదవి స్థిరమైన యొక ఉద్యోగముగా నున్నది. వారు దానిని రెసిడెంట్ అసిస్టెంట్ అందురు. విశ్వవిద్యాలయపు నివాసములలో ఒక్కొక్క అంతస్తునకో, వసారాకో ఒక పెద్ద విద్యార్థిని నియమింతురు. ముప్పదిమందియో నలుబదిమందియో వాని సంరక్షణలో నుందురు. ప్రతిఫలముగా సాధారణముగా గది అద్దె తీసికొనరు. కొన్నిచోట్ల భోజనమును ఇత్తురు. చదువు మొదలగుటకు ముందే వానికి శిక్షణ యిత్తురు. నిప్పంటుకొన్నప్పుడు ఏమి చేయవలెను, జబ్బుపడినవానిని ఎక్కడికి తీసికొనిపోవలెను, ఇద్దరు గదివారు తగవులాడినచో ఎట్లు కూర్చుండబెట్టవలెను, ఏ సంగతి పైవారికి తప్పక తెలుపవలెను అనునవి నేర్పుదురు. వంతులవారీగా రాత్రులు మేలుకొని వసారాలన్నియు తిరిగి చూచి, ఆనాటి విశేషములు వ్రాసిపెట్టుదురు. తన చదువులో వెనుకబడినవానిని సామాన్యముగా ఆ పదవిలో ఉంచరు. ఆ దేశమునకు చదువులకు పోయిన మన తెలుగుపిల్లలలోను కొందరు ఈ పని చేయుచుందురు. పరదేశపు విద్యార్థులు చదువు జరుగు దినములలో వారమునకు 20 గంటలకు మించి విశ్వవిద్యాలయములో పని చేయరాదని అచ్చటి నిబంధన.

అది ధనవంతుల దేశము, మనకెక్కడిదని అనుకొనవలదు. మన దేశములోను ఇట్టి యేర్పాటు శాసనరూపమున నున్నది. ఆ సంగతి మన తలిదండ్రులలో పెక్కుమందికి తెలియదు. క్రొత్తగా వచ్చిన పిల్లలను పాతవారు వేధించు దురాచారమును ర్యాగింగు అందురు. దానిని నిషేధించుచు మన రాష్ట్రమున 1997లోనే చట్టము వచ్చినది. 2009లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము, అనగా యూజీసీ, దేశమంతటికిని నిబంధనలు చేసినది. ఆ నిబంధనలలో శిక్షలు మాత్రమే గాక ఒక రక్షణోపాయము చెప్పబడినది. ప్రతి విశ్వవిద్యాలయమును, ఇష్టపడి ముందుకువచ్చిన పెద్ద విద్యార్థులతో ఒక బృందమును ఏర్పరుపవలెను. క్రొత్తవారు ఆరుగురికి ఒక పెద్ద విద్యార్థి చొప్పున మార్గదర్శి యుండవలెను. అట్టి మార్గదర్శులు ఆరుగురికి వారికంటె పైతరగతివాడు ఒకడు ఉండవలెను. ఆరుగురికి ఒకడు! ఇది ఎంత మంచి లెక్కయో చూడుడు. ముప్పదిమందిలో ఒకడు రాకున్న తెలియకపోవచ్చును. ఆరుగురిలో ఒకడు రాకున్నచో బంతిలో విస్తరియే చెప్పును.

కాగితముమీద ఉన్నది ప్రతి హాస్టలులోను ఆచరణలో నుండవలెనన్నచో, ఆ పని యేమో, ఎట్లు చేయవలెనో, అడుగువారికిని చేయువారికిని తెలియవలెను. అందుచేత ఆ పనిని వివరించెదను.

మొదటి పని, మొదటి నెలలో చేయవలసినది. క్రొత్తగా వచ్చినవాని పేరు, ఊరు, ఇంటనెవరెవరున్నారను సంగతి అడిగి తెలిసికొనవలెను. పేరు పెట్టి పిలుచుటలోనే సగము దిగులు తీరును. పిమ్మట చిన్నచిన్న దారులు చూపవలెను. నీరెక్కడ, బట్టలుతుకుకొను చోటెక్కడ, గ్రంథాలయమెట్లు తెరతురు, బ్యాంకులో ఖాతా ఎట్లు తెరువవలెను, విద్యార్థివేతనపు దరఖాస్తునకు కులధ్రువపత్రమును ఆధార్ కార్డును ఎక్కడ ఇయ్యవలెను అనునవి తెలుపవలెను. కొండపిల్లవాడు ఇవి అడుగడు. అడుగుట అవమానమని కాదు. అడుగవచ్చునని వానికి తెలియదు. అడగనిదే అమ్మయినను పెట్టదని సామెత. కాని మంచి పెద్ద విద్యార్థి అడుగకమునుపే పెట్టువాడు. బంతిలో రెండవమారు అన్నము వేయించుకొనవచ్చునని తెలియక అరకడుపుతో లేచిన పిల్లలు లేకపోలేదు.

రెండవ పని, ప్రతిదినము చేయవలసినది. రాత్రి పండుకొనుటకు ముందు తన ఆరుగురును ఉన్నారో లేదో చూచుకొనవలెను. పట్టీలో హాజరు వేయుట గాదు, మొగము చూచుట. మన మన్యమునుండి పోయిన పిల్లలకు చలిజ్వరమును గూర్చిన జాగ్రత్త ముఖ్యము. మలేరియా ఒంట నుండగానే పట్టణమునకు పోయి అచ్చట పడకవేసినవారుందురు. జ్వరము వచ్చిన దినముననే రక్తపరీక్ష చేయించుట అవసరము. గిరిజనులలో కొందరికి పుట్టుకతోడనే సికిల్‌సెల్ అను రక్తదోషము కలదు. దాని నిర్మూలనకై 2023లో కేంద్రప్రభుత్వము దేశవ్యాప్తముగా కార్యక్రమము ఆరంభించినది. ఆ దోషమున్న బిడ్డకు కీళ్లలోను కడుపులోను విపరీతమైన నొప్పి వచ్చినప్పుడు, నటనయని నవ్వక, తడయక వైద్యునివద్దకు కొనిపోవలెను. ఇది తెలిసిన పెద్ద విద్యార్థి ప్రక్కగదిలో నుండుట ప్రాణమునకు కావలియని చెప్పవచ్చును.

మూడవ పని, తగవులు తీర్చుట. ఒకే గదిలో నలుగురున్నచో దీపమార్పు వేళయు, ఫోను మాటల చప్పుడును, అరువు తీసికొని తిరిగి యియ్యని చొక్కాయు తగవునకు కారణములగును. వీనిని వార్డెనువద్దకు మోయనక్కరలేదు. ఇరువురను కూర్చుండబెట్టి మాటాడించిన చాలును. కాని ఒకరి నందరును కలిసి వేధించునప్పుడు అది తగవు గాదు. అచ్చట మధ్యవర్తిత్వము చేసి ఇద్దరిని సమానముగా నిలుపుట అన్యాయమే. అట్టిది చూచినప్పుడు తక్షణమే పైవారికి తెలుపవలెను. ర్యాగింగు ఫిర్యాదులకు 1800-180-5522 అను నంబరు దేశమంతటికిని ఉన్నది. దానికి ఫోను చేయుటకు ఖర్చు లేదు.

నాల్గవ పని అన్నింటికంటె కష్టమైనది. రహస్యమును కాపాడుట, రహస్యమును విడుచుట. చిన్నవాడు వచ్చి తన యింటి అప్పు సంగతియో, పరీక్షలో తప్పిన సంగతియో చెప్పికొన్నచో అది పెద్ద విద్యార్థి కడుపులోనే దాగవలెను. మరునాడు అది బంతిలో నవ్వులాటయైనచో ఆ పిల్లవాడు మరి యెవరితోను నోరు విప్పడు. కాని చిన్నవాడు బ్రతుకు విసికినదనియు, తానుండననియు చెప్పి, ఎవరితోను చెప్పవద్దని ఒట్టు పెట్టించుకొన్నచో, ఆ ఒట్టు చెల్లదు. ఈ విషయములో సందేహము పనికిరాదు. వానిని ఒంటరిగా విడువక, వార్డెనునకును ఇంటివారికిని తెలుపవలెను. మనస్సు చెదరినవారితో మాటాడి ధైర్యము చెప్పుటకు 2022నుండి టెలిమానస్ అను సేవ నడచుచున్నది. దాని నంబరు 14416. పగలును రాత్రియు పలుకుదురు, తెలుగులోను మాటాడుదురు.

మన పోడుచేలలో మంచెమీద కూర్చుండువాని పని మీకు తెలియును. అడవిపంది వచ్చినప్పుడు కేకవేసి ఊరివారిని లేపుట వాని ధర్మము. చీకటిలో ఒంటరిగా దిగి పందితో పెనగులాడుట వాని ధర్మము గాదు. పెద్ద విద్యార్థియు అట్టివాడే. వైద్యుడు చేయవలసిన పని తాను చేయరాదు, పోలీసు చేయవలసినది తాను చేయరాదు. చూచుట, పలుకరించుట, సమయమునకు కేకవేయుట వాని పని. కేక విని లేవవలసిన పెద్దలు నిద్రపోయినచో ఆ నేరము వానిది గాదు.

మరియొక సంగతి. ఈ పదవి మన కొండపిల్లలకును రావలెను. ఎల్లప్పుడును ఇతరులచేత కనిపెట్టబడువారే గాక, ఇతరులను కనిపెట్టువారుగా మన పిల్లలు ఎదుగవలెను. ఇందులో భాష యొక్క ప్రసక్తి కలదు. కోయబిడ్డకు ఇంటిభాష వేరు. కొండరెడ్ల బిడ్డ మాటాడునది తెలుగే యైనను దాని యాస వేరు. పట్టణములో నోరు విప్పగానే నలుగురు నవ్వుదురేమోయని ఈ పిల్లలు మౌనము వహింతురు. ఆ మౌనమును గర్వమనియో మందబుద్ధియనియో ఇతరులు అనుకొందురు. అదే యాసలో "ఎప్పుడొచ్చినావు తమ్ముడూ" అని అడుగు అన్న ఒకడు ఆ యింట నున్నచో ఆ పిల్లవాడు మొదటిదినముననే మాటాడును.

మన కొండరెడ్లను గూర్చి 1945లో ఒక గ్రంథము ప్రకటించిన హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు, 1943లో ఆదిలాబాదు మండలములోని మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయశిక్షణ ఆరంభింపజేసెను. గోండు పిల్లలకు గోండులే చదువు చెప్పవలెనన్నది ఆ ప్రయత్నములోని సారము. బయటినుండి వచ్చిన పంతులు ఎంత మంచివాడైనను, బిడ్డ భాష తెలియనిచో వాని మనస్సు గడప దాటి లోపలికి పోలేడు. బడికి వర్తించిన ఈ న్యాయమే హాస్టలునకును వర్తించును. హైదరాబాదులో 1918లో రాజబహదూరు వెంకటరామారెడ్డిగారి పూనికతో వెలసిన రెడ్డి హాస్టలు తెలంగాణపు పల్లెలనుండి వచ్చిన పిల్లలకు అన్నము పెట్టుటయే గాక, తెలుగు గ్రంథములను, తెలుగు మాటను ఉర్దూ రాజ్యమేలిన నగరములో నిలిపినది. సురవరము ప్రతాపరెడ్డిగారు కొంతకాలము ఆ హాస్టలు కార్యదర్శిగా పనిచేసిరి. హాస్టలనగా పండుకొను చోటు మాత్రమే గాదనియు, తన భాషతో తలయెత్తుకొని నిలుచు చోటనియు ఆ చరిత్ర తెలుపుచున్నది.

ఇక ఈ భారము వహించు విద్యార్థి సంగతియు తలపవలెను. వాడును ఇరువది యేండ్లవాడే. వానికిని పరీక్షలున్నవి, వాని యింటను కష్టములున్నవి. పగలంతయు చదివి రాత్రి ఒకనికి జ్వరమనియు, ఇంకొకనికి దిగులనియు మేలుకొన్నచో వాని యారోగ్యము చెడును. తనకు మాలిన ధర్మము మొదలు చెడ్డ బేరమని సామెత ఉన్నదిగదా. కావున అధికారులు వానికి కొన్ని మేళ్లు చేయవలెను. వంతు వేసి విశ్రాంతి యియ్యవలెను. గది అద్దెయో భోజనపు ఖర్చో తగ్గింపవలెను. వారమునకొకమారు వార్డెను వానిని పిలిచి, పిల్లల సంగతి అడుగుటకు ముందు "నీ వెట్లున్నావు" అని అడుగవలెను. వాని నడతను గూర్చి చిన్నవారిని విడిగా విచారింపవలెను. ఆ విచారణయే కంచె చేను మేయకుండ చూచు ఉపాయము. ఆడపిల్లల హాస్టళ్లలో ఈ భారము అక్కలది. బస్సు ఆలస్యమై చీకటిపడి వచ్చిన చెల్లెలిని ద్వారమువద్ద గద్దించుటకు ముందు, క్షేమముగా వచ్చితివా యని అడుగు అక్క ఎంత అవసరమో నేను చెప్పనక్కరలేదు.

మన హాస్టళ్లలో పెద్దవారిని అన్నా యనియు, అక్కా యనియు పిలుతురు. అది పిలుపు మాత్రమేయని కొందరనుకొందురు. మన యిండ్లలో అన్నయనగా తండ్రి పొలములో నున్నప్పుడు తమ్మునికి గంజి పోసినవాడు, వాగు దాటించునప్పుడు చేయి విడువనివాడు. ఆ పేరుతో పిలిపించుకొని, తమ్ముని అర్ధరాత్రి లేపి పరిహసించువాడు ఆ పేరునకే ద్రోహి.

గ్రామపెద్దలారా, ఇందులో మీరు చేయవలసిన పనులు కొన్ని కలవు. అవి కష్టమైనవి గావు. బిడ్డను హాస్టలులో చేర్పించునప్పుడు ఫీజు రసీదు తీసికొని వెనువెంటనే బస్సెక్కకుడు. ఈ పిల్లవానికి మార్గదర్శి యెవరని వార్డెనుగారిని మర్యాదగా అడుగుడు. 2009నాటి నిబంధన ప్రకారము ఆరుగురికి ఒక పెద్ద విద్యార్థి ఉండవలెనట గదా, ఆ విద్యార్థిని ఒకమారు మాకు చూపింపుడని అడుగుడు. నలుగురు తలిదండ్రులు ఈ మాట అడిగినచో, లేని యేర్పాటు వచ్చు సంవత్సరమునకైనను ఏర్పడును. ఎవరును అడుగకున్నచో నిబంధన బీరువాలోనే యుండును.

ఆ పెద్ద విద్యార్థిని చూచినప్పుడు వానితో రెండు మాటలు మాటాడుడు. మీ గూడెమెక్కడో, బిడ్డకు పూర్వమేమైన జబ్బు ఉన్నదో చెప్పుడు. వాని ఫోను నంబరు వ్రాసికొనుడు. మన గూడెములలో పెక్కింట ఫోనునకు సంకేతము అందదు. కనుక సంతకు వచ్చు దినమును నిర్ణయించుకొని, ఆనాడు ఫలానా వేళకు మాటాడెదమని బిడ్డతో ముందుగానే చెప్పికొనుడు. ఆ దినమున మాటాడకున్నచో పెద్ద విద్యార్థికి ఫోను చేసి విచారింపుడు. మొదటి రెండు నెలలు ఈ యేర్పాటు తప్పకుండ నడపినచో తరువాత బెంగయుండదు.

మీ బిడ్డయే పెద్ద తరగతికి వచ్చి ఈ భారము వహించెదనని చెప్పినచో, చదువు పాడగునని అడ్డుపడకుడు. అది వానికి కూలిపనియు గాదు, దొరతనమును గాదు. నలుగురి బాధ్యత నెత్తిన పెట్టుకొనుట నేర్చినవాడు రేపు ఉపాధ్యాయుడైనను, వైద్యుడైనను, పంచాయతీ సర్పంచియైనను ఆ నేర్పు వానివెంటనే యుండును. అయితే మన కులమువాడు, మన గూడెమువాడు అని పక్షపాతము చూపుమని వానికి చెప్పకుడు. వానికి అప్పగింపబడిన ఆరుగురిలో ఎవరి యూరు ఏదైనను, ఎవరి భాష ఏదైనను ఆరుగురును వాని తమ్ములే. మన బిడ్డ మరియొకని బిడ్డను అట్లు చూచిననే, ఇంకొకచోట ఇంకొకని బిడ్డ మన బిడ్డను చూచుట న్యాయమగును.

రాబోవు విద్యాసంవత్సరమున ఈ కొండలు దిగి పట్టణములకు పోవు బిడ్డలు మీ మీ గూడెములలో ఎవరున్నారో ఇప్పుడే లెక్క వేసికొనుడు. వారికంటె ముందుగా అదే పట్టణమునకు పోయి చదువుచున్నవారెవరో తెలిసికొని, సెలవులలో వారిద్దరిని ఒకచోట కూర్చుండబెట్టి పరిచయము చేయుడు. ఆ యొక్క పూట మాటలు పెట్టెలోని బట్టలకంటె ఎక్కువ అక్కరకు వచ్చును.